ఆదివారం ఆట, సోమవారం డ్యూటీ



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం పెట్టారో ఆయన్ని ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ పీఈటీ సార్ అనే పిలిచాయి. నేనూ సార్ అనే అంటాను. సార్ దగ్గర కబడ్డీ, వాలీబాల్ నేర్చుకున్న పిల్లల్లో ఏ ఒకరిద్దరో జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు వెళ్లి ఉంటారు. మిగిలినవాళ్లు పదో తరగతో ఐటీఐనో పూర్తిచేసి పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్, సదాశివపేటల్లో ఏదో ఒక ఫ్యాక్టరీ గేటు లోపలికి వెళ్లిపోయారు. ఆట మాత్రం మానలేదు. ఆదివారం తెల్లవారేసరికి బ్యాటు భుజాన వేసుకుని బండెక్కేస్తారు. ఈ రోజు నేను మాట్లాడేది వాళ్ల గురించే.

నాకిచ్చిన అంశం క్రీడా గాయాల నివారణ, చికిత్స. దీని మీద ఉన్న పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆటే బతుకుతెరువైనవాళ్ల కోసం రాసినవి. 2022 ఆగస్టులో పీవీ సింధు బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. కాలి ఎముకలో సన్నని పగులుతోనే ఆడిందని తర్వాత తెలిసింది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదులుకుని నెలల తరబడి విశ్రాంతి తీసుకుని, 2023 జనవరిలో మళ్లీ కోర్టులోకి వచ్చింది. ఆ నెలల్లో కోలుకోవడమే ఆమె ఉద్యోగం. మన వాళ్ల సంగతి అలా కాదు. పటాన్‌చెరులో నా దగ్గరికి కుంటుతూ వచ్చే కుర్రాడు మళ్లీ ఎప్పుడు ఆడొచ్చని అడగడు. "సార్, రేపు డ్యూటీకి పోవాలె. ఎట్లనన్న చెయ్యి" అంటాడు. ఇన్నేళ్ల ఫిజియోథెరపీ పనిలో నేను ఎక్కువగా విన్న మాట ఇదే. ఈ మాటను పక్కనపెట్టి చెప్పే ఏ నివారణా, ఏ చికిత్సా ఈ ముంబై రోడ్డు మీద చెల్లదని నా అభిప్రాయం.

ముందు ఆ మనిషి వారం ఎలా గడుస్తుందో చూద్దాం. ప్రెస్ షాపులో ఉన్నవాడు షిఫ్టంతా సిమెంటు గచ్చు మీద, ఉక్కు ముక్కున్న సేఫ్టీ షూ వేసుకుని నిలబడే ఉంటాడు. ఓటీ ఉంటే పన్నెండు గంటలు. మందుల కంపెనీలో ఉన్నవాడు డ్రమ్ములు దొర్లిస్తాడు, బస్తాలెత్తుతాడు. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ వాడు పొద్దున ఆరింటికి బయటపడి, గేటు ముందు టీ తాగి, ఏడింటికి టాస్ వేస్తాడు. నిద్ర లేదు. ఎనిమిది గంటలు నిలబడి బిగుసుకుపోయిన పిక్క మీద మొదటి పరుగు తీస్తాడు. ఆ పిక్క పట్టేస్తే "సరిగ్గా వార్మప్ చేయలేదు" అని పక్కవాళ్లు తీర్పు చెబుతారు. వార్మప్ సంగతి తర్వాత. ఆ పిక్కకు ఆట మొదలయ్యేసరికే సగం మ్యాచ్ అయిపోయింది. శరీరానికి ఇది కంపెనీ పని, ఇది మన సరదా అనే తేడా తెలియదు. పడిన బరువంతా ఒకే లెక్కలోకి చేరుతుంది.

నిద్ర గురించి 2014లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. లాస్ ఏంజెలెస్‌లో 112 మంది బడి క్రీడాకారులను గమనిస్తే, రాత్రి ఎనిమిది గంటల కన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకు గాయమయ్యే అవకాశం 1.7 రెట్లు కనిపించింది. అది పిల్లల లెక్క, మన కార్మికులకు అచ్చంగా అదే అంకె వర్తిస్తుందని చెప్పను. కానీ నైట్ డ్యూటీ దిగి నేరుగా బౌలింగుకు వెళ్లడం కన్నా, ఇంటికెళ్లి పడుకుని సాయంత్రం మ్యాచ్ పెట్టుకోవడం మేలని చెప్పడానికి అధ్యయనాలే అక్కర్లేదు. టీములో సీ షిఫ్టు వాళ్లుంటే సాయంత్రం ఆట పెట్టుకోండి. నివారణలో ఇంతకన్నా చవకైన పద్ధతి నాకు తెలియదు.

ఇక నేల. 1972లో ఇక్రిశాట్‌ను పటాన్‌చెరులో పెట్టడానికి ఒక కారణం, ఒకే చోట నల్లరేగడి, ఎర్రనేల రెండూ దొరకడం. పంటల శాస్త్రవేత్తలకు వరమైన ఈ సంగతి మన కాళ్లకు మాత్రం అంత మంచిది కాదు. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది. పాదం అంచు ఆ నెర్రెలో దిగితే చీలమండ మెలితిరుగుతుంది. వాన పడ్డ మర్నాడు అదే నేల బూటును వదలదు. పాదం అతుక్కునే ఉంటుంది, పై ఒళ్లు తిరిగిపోతుంది, మధ్యలో మోకాలు నలుగుతుంది. ఎర్రమొరం మీద కథ తిరగబడుతుంది. గులకరాళ్ల మీద అడుగు ఆగదు, జారుతుంది, తొడ వెనక కండరం పట్టేస్తుంది. ఇన్నేళ్లకు నాకొక అలవాటైంది: గాయం చూడకముందే ఏ గ్రౌండులో ఆడావని అడుగుతాను. జవాబును బట్టి ఏ గాయమో సగం ఊహించవచ్చు.

రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం కట్టిన రోజుల్లో టౌన్‌షిప్పు ప్లానులోనే మైదానానికి చోటుండేది. చుట్టుపక్కల పారిశ్రామికవాడల్లో మాత్రం ట్రాన్స్‌ఫార్మరుకు, ట్యాంకరు తిరగడానికి జాగా వదిలారుగానీ, పనిచేసేవాడు సాయంత్రం బంతి విసరడానికి వదల్లేదు. అందుకే బీరంగూడ, అమీన్‌పూర్ వైపు గంటకింత అని అద్దె తీసుకునే బాక్స్ క్రికెట్ వలలు వెలిశాయి. అక్కడ నెర్రెలూ రాళ్లూ లేవు, నిజమే. కానీ పలచటి ప్లాస్టిక్ గడ్డి కింద గట్టి గచ్చు ఉంటే దూకిన ప్రతిసారీ ఆ దెబ్బ మడమకు, మోకాలికి తెలుస్తుంది. గంటకు డబ్బు కట్టాం కదా అని ఎవరూ వార్మప్ చేయరు. మొదటి నిమిషం నుంచే బ్యాటింగు.

ఇప్పుడు చీలమండ దగ్గర కొంచెం ఆగుతాను. ఈ ప్రాంతంలో ఏ ఆట ఆడినా ఎక్కువగా బెణికేది అదే. వాలీబాల్లో నెట్టు కింద పక్కవాడి పాదం మీద దిగుతారు, కబడ్డీలో గీత దగ్గర పట్టుకున్నప్పుడు మెలితిరుగుతుంది. అరగంటలో వాపొస్తుంది. అందరూ మొదట అడిగేది ఎక్స్‌రే తీయాలా అని. ఈ ప్రశ్నకు 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ అనే వైద్యుడు, ఆయన బృందం ఒక సులువైన నియమం ఇచ్చారు. ఇది మైదానంలోనే చేసి చూడవచ్చు. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకలుంటాయి కదా, వాటి వెనక అంచును కింది కొస నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల వరకు బొటనవేలితో నొక్కుతూ రండి. తర్వాత పాదం బయటి అంచు మీద, చిటికెన వేలికీ మడమకూ నడుమ చేతికి తగిలే ఎముక బుడిపె నొక్కండి. లోపలి వైపు, పాదం వంపు పైన ఉండే ఎముకనూ నొక్కండి. ఎముక మీదే నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలిన వెంటనే, ఆ తర్వాత ఆస్పత్రిలోనూ, రెండుసార్లూ నాలుగడుగులు కూడా వేయలేకపోతే అప్పుడూ తీయించాలి. కుంటుతూ వేసినా అడుగే. ఇవేవీ లేకుండా ఎముకకు ముందు, మెత్తటి చోట వాపూ నొప్పీ ఉంటే విరిగి ఉండే అవకాశం బాగా తక్కువ. చిన్నపిల్లలకూ, మందు తాగి ఉన్నవాళ్లకూ, షుగరుతో పాదం స్పర్శ తగ్గినవాళ్లకూ ఈ పరీక్ష నమ్మదగింది కాదు. ఆదివారం సాయంత్రం మ్యాచుల్లో రెండో రకం వాళ్లు కొందరుంటారని నేను చెప్పక్కర్లేదు.

విరగలేదని తేలాక అసలు చిక్కు మొదలవుతుంది. ఎవరో ఒకరు ఆవనూనె వేడిచేసి తోముతారు. ఇంకొకరు సున్నం బెల్లం పట్టు వేస్తారు. కొందరు కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకెళ్తారు. పుత్తూరు కట్టు అన్న బోర్డు లేని రోడ్డు మన వైపు తక్కువే. ఆ సంప్రదాయాన్ని నేను ఎగతాళి చేయను. ఎముకను కదలకుండా ఉంచితే అతుక్కుంటుందని వాళ్లకు మనకన్నా ముందే తెలుసు. నా అభ్యంతరం రెండింటి మీద. తాజాగా చిరిగిన చోట గట్టిగా తోమితే లోపల రక్తం ఇంకా కారుతుంది. వాపు పెరిగే కాలికి బిగించి కట్టు కడితే రక్తప్రసరణ ఆగి కాలే పోయే ప్రమాదం ఉంది. కట్టు కట్టాక వేళ్లు చల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, వేళ్లను కదిలిస్తే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా ఆ కట్టును అప్పటికప్పుడు కోసి పారేయండి. ఎవరు కట్టారన్నది తర్వాత చూసుకోవచ్చు.

మరి ఐసు సంగతి? విశ్రాంతి, ఐసు, బిగింపు, ఎత్తులో పెట్టడం అనే నాలుగు సూత్రాల మంత్రాన్ని 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఆయనే ఐసూ, పూర్తి విశ్రాంతీ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశాడు. నొప్పి తట్టుకోలేకపోతే మొదటి రోజు పది నిమిషాలు గుడ్డలో చుట్టి ఐసు పెట్టుకోండి, తప్పులేదు. కానీ అదే చికిత్స అనుకుని మూడు వారాలు మంచమెక్కితే కాలు సన్నబడుతుంది, కీలు బిగుస్తుంది, మళ్లీ అదే చోట బెణుకుతుంది. రెండు మూడు రోజులు కాపాడుకున్నాక, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు ఆ కాలితో పని చేయించాలి. బరువు పడితేనే లిగమెంటైనా కండరమైనా గట్టిపడుతుంది.

అంతకన్నా ముఖ్యమైనది ఒంటికాలి మీద నిలబడటం. నెదర్లాండ్స్‌లో చీలమండ బెణికిన 522 మంది ఆటగాళ్లను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మామూలు చికిత్సకు తోడు ఎనిమిది వారాల పాటు ఇంట్లోనే సొంతంగా చేసుకునే నిలకడ వ్యాయామాలు ఇచ్చారు. ఫలితం 2009లో ప్రచురించారు. ఏడాదిలో మళ్లీ బెణికినవాళ్లు ఆ గుంపులో నూటికి 22 మంది, రెండో గుంపులో 33 మంది. ఖర్చేమీ లేదు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. వారం తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత మెత్తటి దిండు మీద, ఆ తర్వాత గోడకేసి బంతి విసురుతూ పట్టుకుంటూ. ఒకసారి బెణికిన చీలమండే మళ్లీ మళ్లీ బెణుకుతుంది. కాబట్టి మొదటిసారి చేసే ఎనిమిది వారాల పని రాబోయే పదేళ్ల ఆటకు పనికొస్తుంది.

వార్మప్ గురించి తర్వాత చెబుతానన్నాను. ఆటకు ముందు వంగి కాలివేళ్లు పట్టుకుని అంకెలు లెక్కపెట్టే అలవాటు మనందరికీ బడిలోనే అబ్బింది. సార్ మాత్రం అలా చేయించేవారు కాదు. ముందు మెల్లగా పరుగు, తర్వాత పక్కకు, వెనక్కి పరుగు, తర్వాత గెంతులు, ఆ తర్వాతే బంతి. 2014లో కోపెన్‌హేగన్ పరిశోధకులు 25 అధ్యయనాలను, 26 వేల పైచిలుకు మందిని కలిపి లెక్కవేశారు. కండరాలు సాగదీయడం వల్ల గాయాలు తగ్గినట్టు తేలలేదు. బలం పెంచే వ్యాయామాల వల్ల మాత్రం గాయాలు మూడో వంతు కన్నా కిందికి పడిపోయాయి. సార్ ఈ పరిశోధన చదివి ఉండరు. ఆయన పిల్లల చేత బావి గట్టు ఎక్కించి దింపించేవారు, అంతే.

ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకు ఇది అర్థం చేయించడం నిజానికి తేలిక. రోజూ షిఫ్టు మొదట్లో భద్రత గురించి టూల్‌బాక్స్ టాక్ వింటారు, పర్మిట్ లేకుండా ట్యాంకులోకి దిగరు, త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని నియర్ మిస్ అని రిజిస్టరులో రాస్తారు. మైదానంలోనూ అదే పద్ధతి అనుకుంటే సరిపోతుంది. గతవారం పరుగులో తొడ వెనక చురుక్కుమంది చూడండి, అది నియర్ మిస్. దాన్ని రాసుకోకపోతే ఈ వారం యాక్సిడెంటే.

ఆ తొడ వెనక కండరానికి ఒక వ్యాయామం ఉంది. ఇద్దరుంటే చాలు. ఒకరు మెత్తటి చోట మోకాళ్ల మీద నిలబడాలి, రెండోవాడు వెనక కూర్చుని ఆ చీలమండల్ని గట్టిగా పట్టుకోవాలి. మొదటివాడు నడుము వంచకుండా, మోకాలి నుంచి తల దాకా కర్రలా ఉంచి, మెల్లగా ముందుకు వాలాలి. ఇక ఆపలేననుకున్నప్పుడు చేతుల మీద పడాలి. ఐదుసార్లు, కాసేపాగి మరో ఐదుసార్లు, వారానికి రెండు రోజులు. మొదటి వారం తొడ నొప్పి పెడుతుంది, కాబట్టి మ్యాచ్ ముందురోజు మొదలుపెట్టకండి. వేలమంది ఆటగాళ్లను లెక్కలోకి తీసుకున్న 2019 నాటి సమీక్షలో ఈ వ్యాయామం తొడ వెనక గాయాలను సుమారు సగానికి తగ్గించిందని తేలింది. క్యాంటీను వెనక జాగా చాలు దీనికి. వారం మధ్యలో, బుధవారమో గురువారమో చేయాలి. ఆరు రోజులు పరుగన్నదే ఎరగని కండరాన్ని ఏడో రోజు ఒక్కసారిగా ఉరికించడమే మన గాయాల్లో సగానికి మూలమని నా నమ్మకం.

చేతివేళ్ల గురించి ఎవరూ అడగరు. "వేలే కదా" అంటారు. క్యాచ్ పట్టబోతే బంతి వేలి కొసకు తగులుతుంది, కొస వంగిపోతుంది, ఎంత ప్రయత్నించినా పైకి లేవదు. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి వదిలేస్తారు. వేలి వెనక సన్నని పట్టీ తెగిందన్నమాట. ఒక ఎక్స్‌రే తీసి ఎముక ముక్క ఊడలేదని చూశాక, కొస కీలును నిటారుగా ఉంచే చిన్న ప్లాస్టిక్ బద్ద వేస్తారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు రాత్రీ పగలూ తీయకూడదు. చెయ్యి కడుక్కోవడానికి బద్ద తీసినా వేలిని బల్ల మీద చాచే ఉంచాలి. మధ్యలో ఒక్కసారి వంగినా లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలు. ఇంత చిన్నదానికి ఇంత పట్టింపా అంటే, ప్యానెల్ బటన్లు నొక్కే ఆపరేటరుకు, వైరింగు చేసే ఎలక్ట్రీషియనుకు ఆ వేలే కదా అన్నం పెట్టేది.

ముప్పై ఐదు దాటినవాళ్లకు మడమ వెనక పట్టీ, అంటే అకిలిస్ టెండన్, పొద్దున మంచం దిగగానే పొడుస్తుంది. నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, ఆడితే మర్నాడు మళ్లీ. దీని చికిత్స వెనకున్న కథ నాకు చాలా ఇష్టం. స్వీడన్‌లో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల వైద్యుడికి ఈ నొప్పే వచ్చింది. ఆపరేషన్ చేయమంటే ఆయన పై డాక్టరు ఒప్పుకోలేదు. నువ్వు సెలవు పెడితే పని ఎవరు చూస్తారు అన్నాడట. ఆల్ఫ్రెడ్‌సన్‌కు పట్టుదల పెరిగింది. టెండన్ తెగిపోతే ఆపరేషన్ చేయక తప్పదు కదా అని, నొప్పి ఉన్న కాలి మీదే బరువులు వేసి వంచడం మొదలుపెట్టాడు. టెండన్ తెగలేదు, నొప్పి పోయింది. ఆ తర్వాత 1998లో సరదాగా పరుగెత్తే 15 మంది మీద అదే పద్ధతి ప్రయత్నించి ఫలితం ప్రచురించాడు. మెట్టు అంచు మీద ముందుపాదంతో నిలబడి, రెండు కాళ్లతో పైకి లేచి, నొప్పి ఉన్న ఒక్క కాలి మీద మెల్లగా మడమను కిందికి దించాలి. మోకాలు చాచి పదిహేనేసి మూడు వరసలు, వంచి మరో మూడు వరసలు, రోజుకు రెండుసార్లు. మొత్తం 180, పన్నెండు వారాలు. ఆ 15 మందీ మళ్లీ పరుగు మొదలుపెట్టారు. సెలవు దొరకని మనిషి కనిపెట్టిన చికిత్స కాబట్టి సెలవు దొరకని మనవాళ్లకు సరిగ్గా అతుకుతుంది. రోజంతా నిలబడే డ్యూటీ ఉన్నవాళ్లకు మాత్రం నేను 180తో మొదలుపెట్టను. ఆ కాలు అప్పటికే సగం పని చేసి వస్తుంది కదా, తక్కువతో మొదలుపెట్టి పెంచుతాను.

ఈ టెండన్‌లోకి స్టెరాయిడ్ సూది వేయించుకుంటే నొప్పి వారంలో మాయమవుతుంది. తర్వాత ఏ మ్యాచ్‌లోనో వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపిస్తుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. టెండన్ తెగింది. వీధి చివర డాక్టరు వేసే డైక్లోఫెనాక్ సూది ఇంత ప్రమాదకరం కాదుగానీ, మే నెల ఎండలో చెమట కారి నీళ్లు తాగకుండా, దాని మీద మాత్రలు కూడా మింగి ఆడితే కిడ్నీల మీద పడుతుంది. నొప్పి తెలియకుండా చేసుకుని ఆడాలనిపిస్తే ఆ రోజు ఆడకండి.

మోకాలు 'టప్' మని శబ్దం చేసి, గంటా రెండు గంటల్లోనే ఉబ్బితే లోపలి లిగమెంటు, ఏసీఎల్, తెగి ఉండవచ్చు. ఇక్కడ అందరూ గోపీచంద్ పేరు చెబుతారు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో మోకాలు దెబ్బతిని, ఆపరేషన్లు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచాడు పుల్లెల గోపీచంద్. నిజమే. ఆ మధ్య ఏడేళ్లున్నాయన్నది మాత్రం ఎవరూ చెప్పరు. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది యువకుల మీద జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. సగంమందికి వెంటనే ఆపరేషన్, సగంమందికి ముందు వ్యాయామాలు, అవసరమైతే తర్వాత ఆపరేషన్. రెండేళ్లకు రెండు గుంపులూ దాదాపు సమానంగానే ఉన్నాయి. రెండో గుంపులో సగానికి పైగా మందికి అప్పటికి ఆపరేషనే అవసరం రాలేదు. ఎంఆర్ఐ కాగితంలో 'టేర్' (చిరుగు) అన్న ముక్క చదివి అప్పు చేసి ఆపరేషన్ టేబులెక్కే ముందు మూడు నెలలు బాగా వ్యాయామం చేసి చూడమంటాను. మోకాలు ఇరుక్కుపోయి చాచలేకపోతేనో, నడుస్తుంటే పదేపదే జారిపోతుంటేనో అది వేరే సంగతి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు కబడ్డీకి కనీసం తొమ్మిది నెలలు దూరంగా ఉండాలి.

తల దెబ్బ గురించి ఒక్క మాట. హైదరాబాదీ రహీం సాబ్, బడి పంతులుగా మొదలై దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లున్న జర్నైల్ సింగ్‌ను ఆడించాడు. ఫైనల్లో అతనే ఒక గోలు కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. ఆ గోలును నేనూ గర్వంగానే చెప్పుకుంటాను. కానీ తలకు తగిలినవాడు తికమకగా మాట్లాడినా, వాంతి చేసుకున్నా, ఓవర్ ఎన్నోదో చెప్పలేకపోయినా ఇవాళ అతన్ని బయటికి పంపాల్సిందే, ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. ప్రాణం మీదికొచ్చేవి ఇంకో రెండున్నాయి. ఎండలో పడిపోయి ఒళ్లు కాలిపోతూ పిచ్చిగా మాట్లాడితే ముందు నీళ్లు కుమ్మరించి చల్లబరచండి, తర్వాత ఆస్పత్రి. ఉలుకూ పలుకూ లేకుండా కూలబడి ఊపిరి సరిగ్గా ఆడకపోతే ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇక డబ్బు సంగతి. చాలామంది దీన్ని వైద్యం ఉపన్యాసంలో మాట్లాడరు. కాంట్రాక్టు మీద పనిచేసేవాడికి చీలమండ బెణికితే పోయేది హాజరు. అందుకే రెండో రోజే బూటులో వాచిన పాదం కుక్కుకుని వెళ్తాడు. జీతం నెలకు 21,000 దాటనివాళ్లు ఈఎస్ఐ అనే ఉద్యోగుల బీమా కిందికి వస్తారు. జీతంలో 0.75 శాతం వాళ్లే కడుతున్నారు, యజమాని 3.25 శాతం కడుతున్నాడు. ఆదివారం ఆటలో తగిలిన దెబ్బ ఉద్యోగ గాయం కాదు కాబట్టి ఈఎస్ఐ మనకు పనికిరాదని చాలామంది అనుకుంటారు. పొరపాటు. ఉద్యోగ గాయానికి ఇచ్చే 90 శాతం రాదు, అంతే. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు చందా పడి ఉంటే, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ మీద సిక్‌నెస్ బెనిఫిట్ కింద సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. చికిత్స ఎలాగూ ఉచితమే, రామచంద్రాపురంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. "మిషన్ దగ్గర జారిపడ్డా అని రాయించమంటవా సార్" అని అడిగినవాళ్లున్నారు. అబద్ధం అక్కర్లేదు. ఆటలో పడ్డానని చెప్పినా ఆ 70 శాతం మీ హక్కు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మీ బీమా నంబరు అదే ఉందా, చందా పడుతోందా అని చూసుకోండి. దెబ్బ తగిలాక చూసుకుంటే ఆలస్యమవుతుంది.

యాజమాన్యాలకు కూడా ఒక మాట. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం పేరుతో చాలా కంపెనీలు డిపార్ట్‌మెంట్ల మధ్య క్రికెట్ పోటీలు పెడతాయి. మెయింటెనెన్స్ వర్సెస్ ప్రొడక్షన్. ఏడాదంతా పరుగెత్తనివాళ్లను రెండు వారాల ముందు నోటీసు పెట్టి మైదానంలోకి దింపుతారు. వేలు తెగితే విచారణ జరిపే కంపెనీలో, భద్రతా వారోత్సవంలో తొడ కండరం తెగితే రిజిస్టరులో ఒక్క గీత కూడా ఉండదు. నోటీసును రెండు నెలల ముందు పెట్టండి. వారానికి రెండుసార్లు షిఫ్టు మొదట్లో పది నిమిషాలు ఇందాక చెప్పిన వ్యాయామాలు చేయించండి. ఓటీ చేసిన రోజున మ్యాచ్ పెట్టకండి.

ఉపన్యాసం మొదలయ్యే ముందే ఇద్దరు కుర్రాళ్లు బయట నన్ను పట్టుకుని, మూడు వారాల కింద బెణికిన కాలితో దసరా వాలీబాల్ టోర్నమెంటు ఆడొచ్చా అని అడిగారు. ఇక్కడే జవాబు చెప్పేస్తాను, ఇంకా కొందరికి పనికొస్తుంది. బాగున్న కాలి మీద ఒంటికాలిపై మడమ ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కపెట్టండి. దెబ్బ తగిలిన కాలూ దాదాపు అన్నిసార్లు ఎత్తాలి. ఆ కాలి మీదే గెంతి తడబడకుండా నిలబడాలి. పక్కకు పరుగెత్తి, ఆగి, తిరిగి రావాలి. ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష ఉంది. వారం రోజులు పూర్తి షిఫ్టు చేసి, ఇంటికొచ్చి బూటు విప్పి రెండు చీలమండలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా ఉంటే ఆడండి, మొదట రెండు సెట్లే ఆడండి, చీలమండకు పట్టీ వేసుకుని ఆడండి. సాయంత్రానికి ఒకటి ఉబ్బి ఉంటే ఈ దసరాకు మీరు స్కోరు రాయండి.